తెర మీద "వైరస్" అని అరుస్తుంటే ఏం చేయాలి? దొంగ హెచ్చరికలు, ఇంటి కంప్యూటర్ రక్షణపై సమగ్ర మార్గదర్శి

ఇప్పుడే తెర నిండా ఎర్రటి పేజీ వచ్చి, సైరన్ మోగుతూ, "ఈ నంబరుకు వెంటనే ఫోన్ చేయండి, కంప్యూటర్ ఆఫ్ చేయకండి" అంటోందా? అయితే ముందు కింది పనులు చేసేయండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆ పేజీ కనిపించినంత మాత్రాన మీ ఫైళ్లకు ఏమీ కాదు. అసలు గొడవ ఆ నంబరుకు ఫోన్ చేశాక మొదలవుతుంది.

ముందు ఆ తెరను వదిలించుకోండి

1. స్పీకర్ మ్యూట్ చేయండి. మోత ఆగితే సగం కంగారు తగ్గుతుంది. మిమ్మల్ని ఆలోచించనివ్వకూడదనే దాన్ని పెట్టారు.

2. పేజీలో కనిపించే దేన్నీ నొక్కకండి. "ఓకే", "క్యాన్సిల్", మూలన ఉన్న ఇంటూ గుర్తు, అన్నీ బొమ్మలే కావచ్చు. ఎక్కడ నొక్కినా మళ్లీ ఫుల్ స్క్రీన్ అయ్యేలా వాటిని తయారు చేస్తారు. కొన్ని పేజీలు అసలు మౌస్ బాణాన్ని దాచేసి, దొంగ బాణాన్ని చూపిస్తాయి కూడా.

3. కీబోర్డులో ఎస్కేప్ కీని నాలుగైదు సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. ఒకసారి నొక్కి వదిలితే చాలకపోవచ్చు, పట్టుకునే ఉండాలి. ఫుల్ స్క్రీన్ పోయి పైన ట్యాబ్‌లు కనిపిస్తాయి. అప్పుడు ఆ ట్యాబ్‌ను మూసేయండి.

4. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో క్రోమ్ లేదా ఎడ్జ్‌ను ఎంచుకుని "ఎండ్ టాస్క్" నొక్కండి. మ్యాక్ అయితే కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ నొక్కి "ఫోర్స్ క్విట్" ఎంచుకోవాలి.

5. ఇవేవీ గుర్తురాకపోతే పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుని ఆపేయండి. సేవ్ చేయని పని ఏదైనా ఉంటే పోతుంది, అంతే. "ఆఫ్ చేస్తే డేటా మొత్తం పోతుంది" అని పేజీలో రాసి ఉన్నది మీరు అక్కడి నుంచి కదలకుండా ఉండటానికి.

6. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలను తిరిగి తెరవాలా" అని అడుగుతుంది. వద్దనండి. "రిస్టోర్" నొక్కితే ఆ పేజీ మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

పేజీ పోయింది, మీరు దేన్నీ డౌన్‌లోడ్ చేయలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. అయితే కథ అక్కడితో అయిపోయింది. మనశ్శాంతి కోసం ఒకసారి స్కాన్ చేసుకోవచ్చు.

అది మీ కంప్యూటర్ మాట కాదు, ఎవరో పెట్టిన పేజీ

దొంగ హెచ్చరికను పట్టుకోవడానికి రంగులు, అక్షర దోషాలు వెతికే పద్ధతి ఇప్పుడు పనికిరాదు. లోగోలు, అక్షరాలు, భాష అన్నీ అసలువాటిలాగే ఉంటున్నాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట అంటున్నది ఎవరు? కంప్యూటర్‌లోని విండోసా, లేక బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీయా?

వెబ్ పేజీకి మీ కంప్యూటర్‌లోని ఫైళ్లను వెతికే అధికారం లేదు. బ్రౌజర్ దాన్ని అక్కడే కట్టేసి ఉంచుతుంది. "స్కాన్ అవుతోంది, 43 శాతం" అని కదిలే గీత ముందే తయారుచేసిన యానిమేషన్. అయితే మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు), ఊరు, ఇంటర్నెట్ కంపెనీ పేరు, విండోస్ వాడుతున్నారా మ్యాకా అన్నవి ఏ వెబ్‌సైట్‌కైనా తెలుస్తాయి. పేజీ మీద "విజయవాడ" అనో "హైదరాబాద్" అనో కనిపించగానే చాలామంది నమ్మేస్తారు. వీధిలో నిలబడి అరిచేవాడికి మీ ఇంటి నంబరు కనిపిస్తుంది కానీ బీరువాలో ఏముందో కనిపించదు.

రెండో పరీక్ష ఫోన్ నంబరు. మైక్రోసాఫ్ట్ ఈ విషయం ఎన్నడో స్పష్టంగా చెప్పింది: తమ హెచ్చరికల్లో, ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఉండదు. కాబట్టి విండోస్ పేరుతో వచ్చిన హెచ్చరికలో నంబరు కనిపిస్తే ఇక మిగతాది చదవనక్కర్లేదు. పేజీలో "జ్యూస్" (Zeus) లాంటి వైరస్ పేరు ఉండవచ్చు. ఆ పేరుతో బ్యాంకు వివరాలు దొంగిలించే అసలైన వైరస్ ఉండేది, 2007 నుంచే దాని పేరు ప్రచారంలో ఉంది. గూగుల్‌లో వెతికితే నిజమేనని తేలి భయం ఇంకా పెరుగుతుంది. పేరు నిజమైనా, అది మీ కంప్యూటర్‌లో ఉందనడానికి అది ఆధారం కాదు.

మూడోది, నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది. అసలైన హెచ్చరిక మిమ్మల్ని వెనక్కి వెళ్లమంటుంది, దొంగ హెచ్చరిక ముందుకు రమ్మంటుంది. క్రోమ్‌లో ఒక్కోసారి తెర నిండా ఎర్రటి పేజీ వచ్చి, ఈ సైట్ ప్రమాదకరం అంటుంది. అది నిజమైనదే. దాని మీద పెద్ద బటన్ "వెనక్కి వెళ్లండి" అని ఉంటుంది. అలాగే కొత్త ప్రోగ్రాం తెరిచేటప్పుడు "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని నీలం పెట్టె వచ్చి ఆపుతుంది. అదీ అసలైనదే. రెండూ మీరు చేయబోతున్న పనిని ఆపుతాయి. ఫోన్ చేయండి, డబ్బు కట్టండి, ఇది డౌన్‌లోడ్ చేసుకోండి అనవు.

మూలన వచ్చే చిన్న పెట్టె

మన ఇళ్లలో ఎక్కువగా కనబడేది ఫుల్ స్క్రీన్ కాదు, కింద కుడి మూలన గంట గంటకూ వచ్చే చిన్న పెట్టె. "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి", "యాంటీవైరస్ గడువు ముగిసింది" అంటుంది. బ్రౌజర్‌లో ఏ పేజీ తెరవకున్నా వస్తుంది కాబట్టి కంప్యూటరే చెబుతోందని అనుకుంటారు.

ఇది వచ్చే దారి ఇలా ఉంటుంది. కొత్త సినిమాను ఉచితంగా చూపించే సైట్‌కో, క్రికెట్ మ్యాచ్ లైవ్ ఇచ్చే సైట్‌కో వెళ్తారు. వీడియో బదులు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని వస్తుంది. ఆ "అలౌ"తో మీరు ఒప్పుకున్నది ఆ సైట్ మీకు నోటిఫికేషన్లు పంపడానికి. ఆ రోజు నుంచి అది తోచినప్పుడల్లా పంపుతుంది. ఏ యాంటీవైరస్‌తో స్కాన్ చేసినా ఏమీ దొరకదు, ఎందుకంటే కంప్యూటర్‌లో వైరస్ లేదు, ఉన్నది మీరిచ్చిన అనుమతి. రిపేర్ షాపుకు తీసుకెళ్తే విండోస్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించి డబ్బులు తీసుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం రెండు నిమిషాల పని.

గుర్తుపట్టడం తేలిక. ఆ పెట్టెలో జాగ్రత్తగా చూస్తే "గూగుల్ క్రోమ్" లేదా "మైక్రోసాఫ్ట్ ఎడ్జ్" అన్న పేరు, పక్కనే ఏదో వింత సైట్ చిరునామా ఉంటాయి. అసలైన విండోస్ హెచ్చరిక మీద "విండోస్ సెక్యూరిటీ" అని ఉంటుంది, వెబ్‌సైట్ చిరునామా ఉండదు.

తీసేయడానికి క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు వెళ్లండి. అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియనివన్నీ "బ్లాక్" చేయండి. అదే పేజీలో పైన ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకుండా చేసే ఆప్షన్ ఉంటుంది, దాన్నే ఎంచుకోమని నా సలహా. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు వెబ్‌సైట్ నోటిఫికేషన్లతో పెద్ద ఉపయోగమేమీ లేదు. ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో "నోటిఫికేషన్స్" అని టైప్ చేస్తే నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది.

"నేను రోబో కాను" అని నిరూపించమనే కొత్త మోసం

2024 నుంచి బాగా పెరిగిన పద్ధతి ఇది. పైన చెప్పిన రెండింటికన్నా చాలా ప్రమాదకరం, కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఏదో సైట్‌లో మామూలు క్యాప్చా లాంటిది వస్తుంది. టిక్ పెట్టగానే మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. అంతా కీబోర్డు పనే కాబట్టి పెద్దగా అనుమానం రాదు. జరుగుతున్నది ఏమిటంటే, మీరు టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ను మీ క్లిప్‌బోర్డులోకి (కాపీ చేసినవి పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) కాపీ చేసేసింది. మొదటి మెట్టుతో విండోస్‌లో కమాండ్లు నడిపే పెట్టె తెరుచుకుంది, రెండోదానితో ఆ కమాండ్ అందులో పడింది, మూడోదానితో మీ చేతులతో మీరే దాన్ని నడిపారు. అది ఇంటర్నెట్ నుంచి ఒక దొంగ ప్రోగ్రాంను తెచ్చి, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ కుకీలను (మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టే చిన్న గుర్తులు) ఊడ్చుకుపోతుంది. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ అవసరం లేకుండానే మీ మెయిల్‌లోకి దూరవచ్చు. ఇంత జరిగినా తెర మీద సైరన్ లేదు, ఎర్ర పేజీ లేదు.

ఏ నిజమైన క్యాప్చా అయినా విండోస్ కీ నొక్కమనదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ఒకవేళ అప్పటికే నొక్కేసి ఉంటే ఇంటర్నెట్ ఆపేయండి. ఫోన్ నుంచి గానీ వేరే కంప్యూటర్ నుంచి గానీ మెయిల్ పాస్‌వర్డ్ ముందుగా, తర్వాత బ్యాంకు, మిగతావి మార్చండి. మెయిల్ సెట్టింగ్స్‌లో "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్" చేయండి, లేకపోతే దొంగిలించిన కుకీ పనిచేస్తూనే ఉండవచ్చు. ఆ తర్వాత ఫైళ్లు పక్కన పెట్టుకుని విండోస్‌ను రీసెట్ చేయడం మంచిది. స్కాన్‌తో సరిపెట్టుకోవద్దు.

అసలు హెచ్చరిక ఎలా ఉంటుందో ఒకసారి చూసి పెట్టుకోండి

చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా నిజమైన వైరస్ హెచ్చరిక చూసి ఉండరు. చూడనిదాన్ని దొంగదానితో ఎలా పోలుస్తారు? దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్న పరీక్ష ఫైలు ఒకటుంది, దాని పేరు ఐకార్. అందులో ఉన్నది 68 అక్షరాలే, ఏ హానీ చేయదు. కానీ యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గా భావించి పట్టుకుంటాయి. ఐకార్ డాట్ ఓఆర్‌జీ అన్న సైట్‌లో దొరుకుతుంది. దాన్ని డౌన్‌లోడ్ చేయబోతే బ్రౌజరో, విండోస్ సెక్యూరిటీనో అడ్డుపడుతుంది. మూలన వచ్చే ఆ పెట్టెను అమ్మానాన్నలకు, పిల్లలకు చూపించండి. ఎంత నెమ్మదిగా, సైరన్ లేకుండా, ఫోన్ నంబరు లేకుండా వచ్చిందో వాళ్లే గమనిస్తారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి. మీ ఐటీ విభాగం నుంచి ఫోన్ వస్తుంది.

ఎప్పుడైనా అనుమానం వస్తే వచ్చిన పెట్టెను నొక్కకుండా, స్టార్ట్ మెనూలో "విండోస్ సెక్యూరిటీ" అని టైప్ చేసి మీరే దాన్ని తెరవండి. "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్"లో "ప్రొటెక్షన్ హిస్టరీ" ఉంటుంది. పట్టుకున్నది ఏదైనా ఉంటే అక్కడ తేదీతో సహా కనబడుతుంది. అక్కడ ఏమీ లేకపోతే మూలన వచ్చిన అరుపు చాలావరకు కంప్యూటర్‌ది కాదు.

కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు కొన్ని నెలల ట్రయల్‌గా వచ్చే యాంటీవైరస్ గురించి కూడా ఒక మాట. గడువు అయిపోయాక "మీకు రక్షణ లేదు" అంటూ అది పదే పదే అడుగుతుంది. ఇది మోసం కాదు, అమ్మకం. డబ్బు కట్టాలనిపించకపోతే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తాను పనిలోకి దిగుతుంది.

"కంప్యూటర్ స్పీడ్ పెంచుతాం, 1,200 లోపాలు కనబడ్డాయి" అనే క్లీనర్ ప్రోగ్రాంల విషయంలో మాత్రం నాకు ఏ మొహమాటమూ లేదు, ఏ ఒక్కటీ వద్దు. 2019లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీకి ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ కలిపి 3.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకున్నాయి. ఆరోపణ ఏమిటంటే, దుకాణంలో చేసే కంప్యూటర్ పరీక్షలో మొదట నాలుగు ప్రశ్నలు ఉండేవి, స్లోగా ఉందా, తరచూ ఆగిపోతోందా అని. దేనికి అవునన్నా మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాం) లక్షణాలు ఉన్నాయని ఫలితం వచ్చేది, స్కాన్‌లో ఏం దొరికిందన్న దానితో పని లేకుండా. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే ప్రోగ్రాంల వెనకున్న కంపెనీలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

ఫోన్ చేసేశారా? అవతల జరిగేది ఇదీ

అవతలి గొంతు మర్యాదగా ఉంటుంది. "ఈవెంట్ వ్యూయర్" అనే విండోస్ కిటికీ తెరిపిస్తారు. అందులో ఎర్ర, పసుపు గుర్తులతో వందల కొద్దీ లైన్లు కనబడతాయి. ఇవన్నీ వైరస్‌లే అంటారు. బాగున్న ప్రతి కంప్యూటర్‌లోనూ అవి ఉంటాయి, చిన్నాచితకా నమోదులు. తర్వాత ఎనీడెస్క్ లాంటి రిమోట్ ప్రోగ్రాం పెట్టిస్తారు. ఆ ప్రోగ్రాంలు మంచివే, చాలా ఆఫీసులు వాడతాయి. సమస్య తాళం ఎవరి చేతికి ఇచ్చామన్నదే. ఆ తర్వాత తెరను నల్లగా చేసి వెనక ఫైళ్లు చూస్తారు, లేదా "రిఫండ్ ఇస్తాం" అని బ్యాంకు లాగిన్ చేయిస్తారు. బ్రౌజర్‌లో కనిపించే అంకెలను మార్చి, పొరపాటున ఎక్కువ పంపామంటూ తేడా వెనక్కి పంపమంటారు. ఖాతాలోకి వచ్చింది ఏమీ ఉండదు, తెర మీద అంకె మారింది, అంతే.

ఇలాంటి కాల్ సెంటర్లు చాలావరకు మన దేశంలోంచే నడిచాయన్నది చేదు నిజం. 2023 అక్టోబరులో సీబీఐ "ఆపరేషన్ చక్ర 2" పేరుతో పలు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదుల మీద పెట్టిన కేసులు అందులో ఉన్నాయి, టెక్నికల్ సపోర్ట్ పేరుతో విదేశీయులను మోసగించారని. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడి కంప్యూటర్‌లో ఇది ఎదురైతే, అవతలి మనిషి హిందీలో మాట్లాడగానే మనవాడే కదా అని నమ్మే ప్రమాదం ఎక్కువ.

అప్పటికే లోపలికి రానిచ్చి ఉంటే ఈ వరుసలో చేయండి.

1. వైఫై ఆపండి లేదా కేబుల్ పీకేయండి. ఫోన్ పెట్టేయండి. మర్యాదగా వీడ్కోలు చెప్పనక్కర్లేదు.

2. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. దేశమంతటికీ అదే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అమెరికాలో ఉంటే ఎఫ్‌బీఐ వారి ఐసీ3 సైట్‌లో, ఎఫ్‌టీసీ సైట్‌లో.

3. బ్యాంకుకు చెప్పండి, చెప్పిన సమయం, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, వివరాలు మీరే ఇచ్చి ఉన్నా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. అందుకే ఆ సమయానికి విలువ ఉంది.

4. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. అదే కంప్యూటర్‌లో మారిస్తే కొత్తవి కూడా వాళ్లకు కనబడవచ్చు.

5. వాళ్లు పెట్టిన ప్రోగ్రాంలు తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం అమర్చితే ఆ రోజువి పైకి వస్తాయి. ఒకటి కాకుండా రెండు మూడు రిమోట్ ప్రోగ్రాంలు పెట్టి వెళ్తుంటారు.

6. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి "ఆఫ్‌లైన్ స్కాన్" నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే పావుగంట పాటు వెతుకుతుంది. దాక్కున్నవి బయటపడేది అప్పుడే. వాళ్లు చాలాసేపు లోపల ఉండి ఉంటే మాత్రం రీసెట్ చేయడమే మేలు.

ఇక ఇంటి కంప్యూటర్‌ను గట్టి చేద్దాం

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అని అందరూ అడుగుతారు. విండోస్ 10, 11లలో ఉన్న డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. కొనదలచుకుంటే ఒక్కటే కొనండి. రెండు యాంటీవైరస్‌లు ఒకదాని పనిని ఒకటి అడ్డుకుంటాయి. కొన్నా, కొనకున్నా కింది పనులు తప్పవు.

విండోస్ సెక్యూరిటీలో "రియల్ టైమ్ ప్రొటెక్షన్", "ట్యాంపర్ ప్రొటెక్షన్" రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. అక్కడే కిందికి వెళ్తే "ఎక్స్‌క్లూజన్స్" అని ఉంటుంది. మన దగ్గర దీన్ని తప్పకుండా చూడాలి. షాపులో కంప్యూటర్ కట్టించుకున్నప్పుడు, దొంగ విండోస్ ఎక్కించి, దాన్ని కొన్నదానిలా చూపించే యాక్టివేటర్ నడిపినప్పుడు, డిఫెండర్ దాన్ని పట్టుకోకుండా ఆ ఫోల్డర్‌ను, ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్ని ఈ జాబితాలో చేర్చేస్తారు. అంటే కాపలావాడు ఉన్నాడు, ఆ గదిలోకి మాత్రం చూడడు. అక్కడ మీరు పెట్టనిది ఏదైనా ఉంటే తీసేసి ఫుల్ స్కాన్ చేయండి. డీటీపీ సాఫ్ట్‌వేర్‌కో, ఆటకో క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగదారి) వెతికితే "ముందు యాంటీవైరస్ ఆపండి" అన్న మాట కనబడుతుంది. ఆ మాట కనిపించిన చోటే ఆగిపోవాలి.

తర్వాత విండోస్ వయసు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని 2026 అక్టోబరు 13 వరకు పెట్టారు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి చేరాలి. డిఫెండర్‌కు వైరస్ జాబితాలు 2028 అక్టోబరు వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది కానీ, దాన్ని చూసి మోసపోకండి. జాబితా కొత్తదైనా, విండోస్‌లోని రంధ్రాలు పూడవు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. పాత యంత్రాన్ని పారేయడం ఇష్టం లేకపోతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు, బ్రౌజింగ్‌కు, మెయిల్‌కు హాయిగా సరిపోతుంది. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 యంత్రాన్ని ఇంకా ఉంచుకున్నవాళ్లు దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి.

చాలామంది చేయనిది, నేను ప్రతి ఇంట్లో చేయించేది ఒకటుంది: రోజూ వాడే ఖాతాను అడ్మినిస్ట్రేటర్ హోదా నుంచి దించడం. ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కు వెళ్లి కొత్త ఖాతా చేసి దానికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వండి. అందులోకి ఒకసారి లాగిన్ అయి పనిచేస్తోందని చూసుకున్నాకే, పాత ఖాతాను "స్టాండర్డ్ యూజర్"గా మార్చండి. ఈ వరుస తప్పితే మీ కంప్యూటర్‌లో మీకే అధికారం లేకుండా పోయే ప్రమాదం ఉంది. ఇకపై ఏ ప్రోగ్రాం లోతుగా చొరబడబోయినా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు మొదట విసుక్కుంటారు, తర్వాత అలవాటవుతుంది.

బ్రౌజర్‌కు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ లాంటి ప్రకటనల నిరోధిని పెట్టండి. దొంగ హెచ్చరికలు ఎక్కువగా ప్రకటనల ద్వారానే వస్తాయి కాబట్టి మూలంలోనే చాలావరకు ఆగిపోతాయి. ప్రోగ్రాంలు డౌన్‌లోడ్ చేసేటప్పుడు వెతికిన ఫలితాల్లో మొదట "స్పాన్సర్డ్" అని ఉన్నదాన్ని వదిలేసి అసలు కంపెనీ చిరునామాకు వెళ్లండి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే "బిల్లు.పీడీఎఫ్" అని కనబడేది నిజానికి "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" కావచ్చు, అంటే కాగితం కాదు, ప్రోగ్రాం. పెళ్లి పత్రిక పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌లు) విండోస్‌లో నడవవు కానీ ఫోన్‌లో నడుస్తాయి, అక్కడా తెరవకండి.

జిరాక్స్ సెంటర్ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్

ప్రింట్ కోసం తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి కనిపిస్తాయి. ఇది అసలైన వైరసే, మళ్లీ ఏ హెచ్చరికా లేకుండా. మీ ఫైళ్లు పోలేదు, దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్ పెట్టింది. డబుల్ క్లిక్ చేస్తే వైరస్ మీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది.

ఏ షార్ట్‌కట్‌నూ తెరవకుండా, ముందు పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, "హిడెన్ ఐటమ్స్" ఆన్ చేయండి. అప్పటికీ కనబడకపోతే ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు వెళ్లి "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీసేయండి. మీ ఫోల్డర్లు బయటపడతాయి, ఒక్కోసారి అన్నీ పేరు లేని ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. అందులోంచి ఫొటోలు, పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. పని అయ్యాక ఆ టిక్ మళ్లీ పెట్టేయండి. ప్రింట్ల కోసం తిరిగే పెన్‌డ్రైవ్‌ను వేరుగా పెట్టుకుని, ఫొటోలున్నదాన్ని ఇల్లు దాటనివ్వకండి. ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఇలాంటివాటిని తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

ఫైళ్ల కాపీ

ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు నమ్మదగిన మందు బ్యాకప్ ఒక్కటే. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని నెలకోసారి ఫొటోలు, ఆస్తి కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు అందులోకి కాపీ చేయండి. కాపీ అవగానే తీసి బీరువాలో పెట్టేయాలి. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. అప్పుడప్పుడూ అందులోంచి ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూడండి.

దూరంగా ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్

పిల్లలు డల్లాస్‌లోనో, బెంగళూరులోనో ఉండి పెద్దవాళ్లు ఇక్కడ ఒంటరిగా కంప్యూటర్ వాడుతున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. సెలవులకు వచ్చినప్పుడు పైన చెప్పినవన్నీ మీరే చేసి వెళ్లండి, ముఖ్యంగా నోటిఫికేషన్లు ఆపడం, స్టాండర్డ్ ఖాతా, ప్రకటనల నిరోధిని. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకుంటున్నారని వాళ్లకు చెప్పి, ఎందుకో వివరించండి. చెప్పకుండా చేస్తే నమ్మకం లేదా అని నొచ్చుకుంటారు.

దూరం నుంచి సాయం చేయడానికి విండోస్‌లోనే "క్విక్ అసిస్ట్" ఉంది. మోసగాళ్లూ అదే వాడుతున్నారు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి: ముందు మీరు వీడియో కాల్ చేసి మొహం చూపించాకే వాళ్లు కోడ్ టైప్ చేయాలి.

మానిటర్ పక్కన అంటించడానికి ఒక కాగితం రాయండి, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. "తెర మీద నంబరు వస్తే ఫోన్ చేయొద్దు. ఎస్కేప్ నొక్కి పట్టుకో. పోకపోతే పవర్ బటన్ పది సెకన్లు. విండోస్ కీ నొక్కమని ఏ సైట్ చెప్పినా వినొద్దు. డబ్బు పోతే 1930." ఆ కింద రెండు ఫోన్ నంబర్లు ఉండాలి. ఒకటి మీది. రెండోది ఊళ్లోనే ఉండే మేనల్లుడిదో, పక్కింటి కుర్రాడిదో, ఎందుకంటే ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి ఆ సైరన్ మోగితే డల్లాస్‌లో మీరు గాఢ నిద్రలో ఉంటారు.